కల్లం నుంచి కాటా దాకా

1955లో హైదరాబాద్ రాష్ట్రం ఇనాముల రద్దు చట్టం తెచ్చినప్పుడు కొన్ని ఇనాములను పేరుపెట్టి మరీ పక్కన ఉంచింది. ఊరికి గానీ సర్కారుకు గానీ పనికొచ్చే సేవ చేస్తున్నందుకు ఇచ్చిన మాన్యాలు అవి: శేత్‌సింధి, నీరడి, బలుత. అప్పటికి జాగీర్లు పోయి ఆరేళ్లయింది, నిజాంసాగర్ కాలువలు పారడం మొదలై పాతికేళ్లు కావస్తోంది, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం పదిహేడేళ్లుగా పొగ వదులుతోంది. అయినా చెరువు తూము తీసే నీరడి, నాగలి చెక్కే వడ్లాయన, కర్రు కాల్చే కమ్మరి ఊళ్లో ఏ లెక్కన బతుకుతున్నారో ఆ లెక్కను ఒక్క కలం పోటుతో కొట్టెయ్యడానికి చట్టం రాసినవాళ్లకు చేతులు రాలేదు. ఈ మధ్య నగరాల్లో మరో మాట వినబడుతోంది. సీజన్ మొదట్లోనే రైతుకు డబ్బు కట్టి, పంట వచ్చినకొద్దీ తమ వంతు కూరగాయలో గింజలో తీసుకెళ్లే పద్ధతి. 1970లలో జపాన్‌లో ‘తెయికెయ్’ పేరుతో బలపడి, 1986లో అమెరికాలో మసాచుసెట్స్, న్యూహాంప్‌షైర్‌లలోని రెండు పొలాల దగ్గర వేళ్లూనుకుని, అక్కడి నుంచి లోకమంతా తిరిగింది. దాన్ని మన పల్లెల పాత మేర పద్ధతికి వారసత్వంగా చెప్పేవాళ్లున్నారు. నిజామాబాద్, బోధన్ ప్రాంతపు నూరేళ్ల చరిత్ర చూస్తే ఆ చుట్టరికం అంత తేలిగ్గా కుదరదు. పంటలో వాటా ఎంత అన్నదానికంటే, ఆ వాటాను ఎక్కడ, ఎవరి కళ్లముందు కొలిచారన్నదే ఇక్కడ బతుకులను నిర్ణయించింది. కొలత కల్లంలో జరిగినన్నాళ్లు ఒక తీరు, ఫ్యాక్టరీ కాటా మీదికి మారాక మరో తీరు.

మేర అంటే ఏమిటో ముందు చూద్దాం. వడ్ల, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి, మోటబొక్కెనలూ తాళ్లూ చెప్పులూ చేసే మాదిగ, ఊరి కావలి, నీరడి, వీళ్లకు ఏడాది పొడుగునా చేసిన పనికి పనిపనికీ కూలి లెక్క ఉండేది కాదు. నాగలి విరిగితే బాగుచెయ్యాలి, కర్రు మొద్దుబారితే సానబెట్టాలి, అంతే. పంట కోతకొచ్చి కల్లంలో రాశి పడ్డాక, ఆసామికి ఎన్ని నాగళ్లున్నాయో, ఎంత సాగు చేశాడో చూసి, ఎవరి మేర వాళ్లకు కొలిచి ఇచ్చేవారు. అందులో గింజ ఒక్కటే కాదు, కట్టిన మోపులూ ఉండేవి, కల్లం అడుగున మట్టితో కలిసిన గింజలూ ఉండేవి, కోసిన చేలో పరిగె ఏరుకునే హక్కూ ఉండేది. కొలిచేవాడు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనడు, ‘లాభం’ అంటాడు, ఆ తర్వాత రెండు, మూడు. అది శకునం కోసమే కావచ్చు. కానీ లెక్క పైకి అనడం, అదీ పదిమంది నడుమ అనడం వల్ల, ఎవరికెంత పోయిందన్నది ఊరందరికీ తెలిసేది. ఎస్.సి. దూబే హైదరాబాద్ పక్కనే ఉన్న శామీర్‌పేటను చూసి 1955లో అచ్చువేసిన ‘ఇండియన్ విలేజ్’లో ఈ లావాదేవీలు కులానికి కులంగా కనిపిస్తాయి. బోధన్ నుంచి కాస్త పడమరకు పోతే నాందేడ్ వైపు మరాఠీ పల్లెల్లోనూ ఇదే బలుత, పన్నెండు వృత్తుల లెక్కతో. మంజీరకు అటూ ఇటూ భాష మారినా కల్లం దగ్గర హాజరయ్యే మనుషులు మారలేదు.

ఈ ఏర్పాటులో ఎక్కువ గమనించవలసింది నీరడిని. నిజామాబాద్ జిల్లా కాలువల జిల్లా కాకముందు చెరువుల జిల్లా. బోధన్‌లో బెల్లాల్ చెరువు, జానకంపేట దగ్గర అశోక్‌సాగర్ వంటి పెద్దవే కాక, ఊరూరా కుంటలూ చెరువులూ ఉండేవి. ఏటా నీళ్లు ఒకేలా రావు. చెరువు సగమే నిండినప్పుడు ఆయకట్టు అంతా నాటితే అందరిదీ ఎండుతుంది. అందుకని తైబందీ చేసేవారు. ఉన్న నీటికి ఎన్ని ఎకరాలు పారుతాయో తేల్చి, ఆ కాస్త నేలనూ అందరికీ వంతులేసి, మిగతాది బీడు ఉంచేవారు. నష్టాన్ని ముందే పంచుకోవడం అన్నమాట. ఆ వంతుల ప్రకారం తూము తీసేది, మూసేది నీరడి. అతని మేర కూడా ఆ మడులనుంచే వస్తుంది కాబట్టి, తల మడికి నీళ్లు పోయి తోక మడి ఎండితే అతని కుంచాలూ తగ్గుతాయి. పెద్ద ఆసామి రాత్రిపూట గండి కొడితే అతను ఏం చెయ్యగలిగాడన్నది వేరే ప్రశ్న. అయినా నీళ్లు వదిలేవాడి కూడు పారిన పొలం మీద ఆధారపడి ఉండడం చిన్న విషయం కాదు. ఇవాళ వినియోగదారుల బృందాలు ముందుగా డబ్బు కట్టి సాధించాలనుకునేది ఇదే: పంట పోతే తినేవాడికీ పోవాలి, పండితే తినేవాడికీ మిగలాలి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఎదురవుతుంది, దాన్ని తప్పించుకుని ముందుకు పోకూడదు. మేర అనేది ఒప్పందం కాదు, పుట్టుకతో మెడలో పడ్డ కట్టు. తనకిష్టం లేదని చాకలి గానీ మాదిగ గానీ దాన్ని వదులుకుని పోయే వీలు లేదు. పటేల్, పట్వారి, దేశ్‌ముఖ్ గడీలకు చేసిన పనిలో సగం వెట్టే. 1830లో ఛార్లెస్ మెట్‌కాఫ్ మన ఊళ్లను చిన్న గణతంత్రాలని రాసిపెట్టిన దగ్గర్నుంచి ఈ పద్ధతిని మెచ్చుకున్నవాళ్లలో మేర తీసుకుని బతికినవాళ్లు దాదాపు లేరు. 1928లో అంబేడ్కర్ బొంబాయి శాసనమండలిలో వతన్ చట్టాన్ని సవరించాలని బిల్లు పెట్టింది మహార్లను ఈ బలుత నుంచి, దానితో వచ్చే అంతులేని చాకిరీ నుంచి విడిపించడానికే. ఊరు గింజలిచ్చినన్నాళ్లు ఊరు చెప్పిందే వేదమవుతుందన్నది ఆయన వాదంలోని సారం. నిజాం రాజ్యంలో భాగేలా జీతగాళ్ల అప్పు ఒప్పందాల మీద 1936లో సర్కారే నిబంధన తేవలసి వచ్చింది. అప్పు తీరేదాకా ఆసామి ఇంట పనిచేసే జీతగాడికి కొలిచిచ్చే గింజ కూడా పేరుకు వాటాయే, పనికి సంకెల. కాబట్టి పాత మేరను ఆదర్శంగా నిలబెట్టడం కుదరదు. కానీ అభ్యంతరాన్ని ఇంకొంచెం తరచి చూస్తే అది నా వాదానికే దారి తీస్తుంది. వడ్లాయనా కమ్మరీ కల్లంలో నిలబడి, నాగలికింత అని వాదించి తీసుకున్నారు. వాళ్లు చెయ్యి కట్టేస్తే రేపు నాగలి నడవదు. గడీలో వెట్టి చేసినవాళ్లకు, భాగేలాలకు, ఆ కొలత దగ్గర నిలబడే హక్కే లేదు, ఆసామి ఇంట్లో ఏది ఇస్తే అది. కులమే ఆ తేడాకు మూలం, అందులో అనుమానం లేదు. ఒకే ఊళ్లో, ఒకే పంటలోంచి తీసిన రెండు వాటాల్లో ఒకటి హక్కయింది, రెండోది బిచ్చమయింది. కులం ఆ పని చేసింది కొలత దగ్గరికి ఎవరిని రానిస్తుందన్న దారిలోనే.

సర్కారు కూడా ఒకప్పుడు కల్లంలోనే కొలుచుకునేది. బటాయి కింద పంటలో భాగం పోయేది, ఇజారాదార్లు దాన్ని వసూలు చేసేవారు. 19వ శతాబ్దం నడుమ మొదటి సాలార్‌జంగ్ పాలనలో జిల్లాలు ఏర్పడి, భూమి సర్వే జరిగి, శిస్తు రొక్కంలోకి మారడంతో సర్కారు కల్లం నుంచి తప్పుకుంది. ఇది మంచికే అని చరిత్రకారులు చాలామంది అంటారు, ఇజారాదార్ల దోపిడీ చూస్తే కాదనలేం. అయితే దీని ఫలితం ఒకటి ఊళ్లలో నెమ్మదిగా తెలిసింది. పంట సగమైతే బటాయి సగమయ్యేది, రొక్కం శిస్తు మాత్రం కాదు. మాఫీ కావాలంటే తహసీల్ దాకా పోయి అడుక్కోవాలి. రైతుకు రొక్కం కావాలంటే గింజ అమ్మాలి, అమ్మాలంటే బజారు కావాలి. 20వ శతాబ్దం మొదట్లో గోదావరి లోయ రైలుమార్గం ఇందూరు మీదుగా మన్మాడ్ దాకా పోయాక ఆ బజారు వచ్చింది, ఇందూరు నిజామాబాద్ అయింది, గంజ్ పెరిగింది. గంజ్‌తో పాటు దొంగ తూకమూ పెరిగింది. 1930 నాటి హైదరాబాద్ వ్యవసాయ మార్కెట్ల చట్టం తూకం వేసేవాళ్లకు, దల్లాలులకు లైసెన్సులు పెట్టడానికి కారణం అదే: కొలత రైతు కళ్లముందు నుంచి జారిపోయిందని సర్కారే ఒప్పుకోవడం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అదే సర్కారు లెవీ పేరుతో మళ్లీ కల్లంలోకి దిగింది. కాకపోతే ఈసారి వచ్చింది వాటా కోసం కాదు. పంట ఎంతయిందో చూడకుండా ఎకరాకింత అని పటేల్, పట్వారి రాసిన లెక్క ప్రకారం ఎత్తుకుపోవడానికి. ఆ లెవీ తెలంగాణ పల్లెల్లో ఎంత మంట రగిలించిందో అందరికీ తెలిసిందే.

ఇక నిజాంసాగర్. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఈ ఆనకట్టను మంజీర మీద అచ్చంపేట, బంజేపల్లిల దగ్గర నవాబ్ అలీ నవాజ్ జంగ్ కట్టించాడు. రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాలకు నీళ్లని లెక్క కట్టారు. బాన్సువాడ, వర్ని, కోటగిరి, బోధన్ నేలలు మాగాణులయ్యాయి. కోస్తా నుంచి కాలువ వ్యవసాయం తెలిసిన రైతులు వచ్చి, ‘క్యాంపు’ అని పేరున్న ఊళ్లు కట్టుకున్నారు. నిజాంసాగర్ చేసిన మేలు మీద తగువు అక్కర్లేదు. కానీ చెరువు కింద నీరడి ఉన్న చోట కాలువ మీద లష్కర్ వచ్చాడు. అతనిది నెల జీతం. తోక మడి ఎండినా జీతం ఆగదు. వర్ని దగ్గర నీళ్లు దండిగా పారినా కిందివాళ్లకు అందకపోతే, అడగవలసింది ఇంజనీరును, ఆయన అడగవలసింది హైదరాబాద్‌ను. తర్వాత పూడిక పెరిగి, ఎగువన సింగూరు కట్టి, మంజీర నీళ్లు రాజధాని దాహానికి పోయినప్పుడు నష్టం ఎలా పంచుకోవాలన్నదానికి తైబందీ లాంటి పద్ధతి ఏదీ మిగల్లేదు. ఆ తీర్మానం ఆయకట్టుకు ఎంతో దూరాన, తాగునీటి అవసరాల లెక్కతో జరిగిపోయింది.

కాలువ నీళ్లకు చెరకు కావాలి, చెరకుకు ఫ్యాక్టరీ కావాలి. రాజ్యం తన పారిశ్రామిక నిధితో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీని పెట్టింది, బోధన్ శివారు శక్కర్‌నగర్ అయింది, జానకంపేట నుంచి రైలు పట్టాలు పడ్డాయి. ఆసియాలోనే పెద్దదని దానికి పేరు. వేల ఎకరాల సొంత ఫారాలు, కాలనీ, బడి, ఆస్పత్రి. రుద్రూరులో చెరకు, వరి పరిశోధన. ఊరి నుంచి ఎడ్లబండ్ల మీద, తర్వాత ట్రాక్టర్ల మీద చెరకు గేటుకు చేరేది. ఇక్కడే మార్పు పూర్తయింది. చెరకు గింజ కాదు, కల్లంలో రాశి పొయ్యడానికి, పాతరలో దాచడానికి వీల్లేదు. కోసిన రోజు నుంచే దానిలోని తీపి తగ్గుతుంది, ఒకటి రెండు రోజులు ఎండలో పడి ఉంటే బరువు కూడా పోతుంది. కాబట్టి ఎప్పుడు కొయ్యాలో రైతు చేతిలో లేదు, ఫ్యాక్టరీ ఇచ్చే కటింగ్ ఆర్డర్‌లో ఉంది. కాటా ఫ్యాక్టరీ గేటులో ఉంది. నూరు కిలోల చెరకులోంచి ఎన్ని కిలోల చక్కెర వచ్చిందన్న రికవరీ లెక్క ఫ్యాక్టరీ ల్యాబులో ఉంది, అది కూడా ఒక్కొక్క రైతుది కాదు, మొత్తం మిల్లు సగటు. బండి దిగిన మరుక్షణం ఎవరి చెరకు ఎవరిదో తెలియకుండా ఒకే కన్వేయర్ మీద కలిసిపోతుంది. మోసం జరిగిందని నేననడం లేదు. మోసం జరిగినా జరగకపోయినా రైతు దాన్ని చూడలేడు అంటున్నాను. కుంచం నెత్తిన మట్టు కొట్టి కొలిచే కాలంలో మట్టు వంకరగా కొడితే పక్కనున్న కుమ్మరి అడిగేవాడు.

దీనికి ఒక ఆలోచనాపరుడు వెంటనే అడ్డుచెప్పగలడు. చెరకు డబ్బే బోధన్ ప్రాంతంలో పిల్లలను చదివించింది, పెంకుటిళ్లను మిద్దెలు చేసింది, నిజామాబాద్‌లో సినిమాహాళ్లను, బట్టల కొట్లను నింపింది. మాదిగ కుర్రవాడు ఫ్యాక్టరీలో పర్మినెంట్ నౌకరీ చేసి, కల్లం దగ్గర చెయ్యి చాపే బాధ లేకుండా బతికాడు. డబ్బు మనిషికి స్వేచ్ఛనిచ్చింది, గింజ ఇవ్వలేదు. ఇది అక్షరాలా నిజం, అంబేడ్కర్ కోరిందీ ఇదే. కాకపోతే ఆ స్వేచ్ఛ ఎవరికి, ఎంతకాలం అన్నదాంట్లో తేడా ఉంది. కార్మికుడికి నెల జీతం, యూనియన్, స్టాండింగ్ ఆర్డర్లు వచ్చాయి. కోతకొచ్చే కూలీలకు టన్నుకింత. రైతుకు వచ్చింది ధర, దాంతో పాటు ఒక బాధ్యత: 1961 నాటి ఆంధ్రప్రదేశ్ చెరకు సరఫరా, కొనుగోలు చట్టం ప్రకారం ప్రతి ఫ్యాక్టరీకి ఒక ప్రాంతం కేటాయిస్తారు, ఆ ప్రాంతపు చెరకు ఆ ఫ్యాక్టరీకే చేరాలి. మరొకరికి అమ్ముకునే స్వేచ్ఛ లేని రైతుకు మేర తప్పించుకోలేని చాకలికి ఉన్నటువంటి కట్టే పడింది, కాకపోతే ఇది కులం మీద కాక మ్యాప్ మీద గీసిన గీత. చాకలికి మాత్రం కల్లంలో నిలబడే చోటుండేది.

చట్టాలు రాసినవాళ్లకు ఈ లోపం తెలియదని కాదు. ధరను వాటాగా మార్చాలని ఢిల్లీ ఒకటికి రెండుసార్లు ప్రయత్నించింది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు 14 రోజుల్లో డబ్బు చెల్లించాలని, లేకపోతే 15 శాతం వడ్డీ కట్టాలని చెప్పింది. భార్గవ కమిషన్ సిఫారసు మీద 1974లో ఆ ఉత్తర్వుకు 5ఎ అనే నిబంధన చేర్చారు. చక్కెర అమ్మగా అనుకున్నదానికంటే ఎక్కువ వచ్చిన రాబడిలో సగం చెరకు రైతుకు పోవాలి. అంటే మిల్లు లాభంలో రైతుకు వాటా. కల్లంలోని మేరకు ఇంత దగ్గరగా వచ్చిన చట్టం మరొకటి లేదు. కానీ ఆ రాబడి ఎంతో తేల్చేది మిల్లు పుస్తకాలు, రికవరీ ల్యాబు, సీజన్ ముగిసి నెలలు గడిచాక వేసే లెక్కలు. ఊళ్లో ఎవరూ ఆ సంఖ్యను సరిచూసుకోలేరు. 2009లో ఆ నిబంధన తీసేసి, ఎఫ్‌ఆర్‌పీ అనే న్యాయమైన గిట్టుబాటు ధర తెచ్చారు. 2012లో రంగరాజన్ కమిటీ మళ్లీ రాబడి పంచుకోవడమే మంచిదని, చక్కెర, ఉప ఉత్పత్తుల విలువలో 70 శాతం రైతుకు పోవాలని చెప్పింది. సూత్రం బాగానే ఉంది, కానీ మిల్లులో ఎవరు కొలవాలన్న ప్రశ్నకు ఆ నివేదిక దగ్గర కల్లం లాంటి జవాబు లేదు. 2024-25 సీజన్‌కు ఎఫ్‌ఆర్‌పీ క్వింటాలుకు 340 రూపాయలు, అదీ 10.25 శాతం రికవరీ ఉంటేనే. ఆ 10.25 అనే అంకె మీద రైతుకు ఏ అధికారమూ లేదు.

రైతులే వాటాదారులైతే? సారంగాపూర్‌లోని నిజామాబాద్ సహకార చక్కెర ఫ్యాక్టరీ అందుకే పుట్టింది, సభ్యుల వాటా ధనంతో. అది కూడా మూతబడింది. సహకారం పేరున్నా అక్కడి లెక్కలూ, పాలకవర్గాలూ, అప్పులూ హైదరాబాద్ రాజకీయాల చేతిలో చిక్కుకున్నాయి. వాటా కాగితం చేతిలో ఉండడం, కొలత దగ్గర నిలబడడం ఒకటి కాదని ఈ ప్రాంతం అక్కడే నేర్చుకుంది. బోధన్ ఫ్యాక్టరీలో 51 శాతం వాటాను 2002లో ప్రభుత్వం డెల్టా పేపర్ మిల్స్‌కు ఇచ్చేసింది, అది నిజాం దక్కన్ షుగర్స్ అయింది. తెలంగాణ వచ్చాక 2015లో ప్రభుత్వం మహారాష్ట్ర పద్ధతిలో ఫ్యాక్టరీని రైతుల సహకార సంఘానికి అప్పగిస్తామంది, రైతులను అక్కడి మిల్లులు చూసి రమ్మని పంపింది. రైతులు ముందుకు రాలేదు. 2015 డిసెంబర్‌లో ఆ కంపెనీకున్న బోధన్, మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దగ్గరి మంబోజిపల్లి, మూడు యూనిట్లూ ఆగిపోయాయి. రైతులకు సొంతం చేసుకునే ధైర్యం లేదని అప్పట్లో విన్నాం. నాకది అన్యాయమైన తీర్పనిపిస్తుంది. అప్పుల బరువుతో, పాతబడ్డ యంత్రాలతో, దశాబ్దాలుగా ఎవరూ తెరిచి చూపని పుస్తకాలతో ఉన్న ఫ్యాక్టరీని వాటాగా తీసుకోమంటే, పంటను కాదు పంట నష్టాన్ని పంచుకోమన్నట్టే. కల్లంలో రాశి చూడకుండా మేర ఖాయం చేసుకునే వడ్లాయన ఉండడు. అదే వివేకం.

ఆర్మూర్ వైపు చూస్తే ఇదే కథ మరో పంటతో. ఎర్రజొన్న విత్తనం కంపెనీల కోసం పండిస్తారు, ధర ముందే ఒప్పుకుంటారు, డబ్బు తర్వాత వస్తుంది. 2008లో బకాయిల కోసం రైతులు రోడ్డెక్కితే అది కాల్పుల దాకా పోయింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు మూకుమ్మడిగా నామినేషన్లు వెయ్యడంతో నిజామాబాద్ బ్యాలెట్‌లో 185 మంది అభ్యర్థులు నిలబడ్డారు, అన్ని పేర్లు పట్టే యంత్రాల కోసం ఎన్నికల సంఘం వెతుక్కోవలసి వచ్చింది. 2025లో పసుపు బోర్డు వచ్చింది. ఇవన్నీ ధర కోసం జరిగిన పోరాటాలు, న్యాయమైనవే. వాటా అడిగే భాషే ఇక్కడ మాయమైపోయిందన్నది మాత్రం గమనించవలసిందే.

ఇప్పుడు, రైతుకు ముందే డబ్బు కట్టి పంటలో వంతు తీసుకునే కొత్త పద్ధతి దగ్గరికి రావచ్చు. అది హైదరాబాద్ అపార్ట్‌మెంట్లవాళ్ల సరదా, నిజామాబాద్ వంటి పట్నంలో నడవదని కొందరంటారు. నడిచిన ఉదాహరణ బోధన్‌కు దూరంగా లేదు. అదీ చెరకు పండే జహీరాబాద్ ప్రాంతంలోనే, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990ల మధ్యలో సొంత ధాన్య నిధి పెట్టుకున్నాయి. బీడు పడ్డ పొలాల సాగుకు ముందుగా డబ్బు అప్పు ఇవ్వడం, దాన్ని రూపాయల్లో కాక జొన్నల్లో ఏళ్లవారీగా తిరిగి తీసుకోవడం, ఆ జొన్నలను ఊళ్లోని పేదలకు తక్కువ ధరకు ఇవ్వడం. ఎవరు పేద, ఎవరికి ఎంత అన్నది ఊరి ఆడవాళ్లే కూర్చుని తేల్చారు, వాళ్లలో ఎక్కువమంది దళిత స్త్రీలు. కల్లంలో ఒకప్పుడు పరిగె మాత్రమే దక్కినవాళ్లు కుంచం పట్టుకున్నారన్నమాట. పాత మేరలో లేనిది ఇదే, మేరలోని మేలు మాత్రం ఇక్కడా నిలిచింది. రేషన్ బియ్యం కిలో రూపాయికే వచ్చిన రోజుల్లో జొన్నలకు అంత చోటు లేకపోయింది కదా అని అడగొచ్చు. నిజమే, అందుకే అది విస్తరించలేదు. కానీ పద్ధతి పనిచెయ్యదన్నది వేరు, ఎదురుగా సర్కారు సబ్సిడీ ఉన్న చోట పోటీ పడలేదన్నది వేరు.

సామూహికం అంటే చాలు మంచిదని పొరబడే ప్రమాదమూ ఈ జిల్లాలోనే కనబడుతుంది. ఆర్మూర్, బాల్కొండ, నిజామాబాద్ గ్రామీణ ప్రాంతాల్లో గ్రామాభివృద్ధి కమిటీలు ఊరి పేరుతో డబ్బు వసూలు చేస్తాయి, వేలాలు పాడతాయి, మాట వినని కుటుంబాలను, కొన్నిసార్లు కులం మొత్తాన్ని వెలివేశాయన్న ఫిర్యాదులు పోలీసుల దాకా, కోర్టుల దాకా పోయాయి. ఊరు పంచుకునే పాత పద్ధతి చట్టంలో లేకుండా బతికి ఉండడమంటే ఇదే, కొలతా శిక్షా ఒకే చేతిలో. నిజామాబాద్ పట్నంలో పాతిక కుటుంబాలు కలిసి ఎడపల్లిలోనో రెంజల్‌లోనో ఒక రైతుకు ముందస్తు డబ్బు కట్టి వాటా తీసుకుంటే ఈ ప్రమాదం రాదు, ఎందుకంటే ఎవరైనా మరుసటి సీజన్‌లో తప్పుకోవచ్చు. తప్పుకునే వీలు, కొలత చూసే వీలు, ఈ రెండూ కలిసి ఒకే చోట ఈ ప్రాంత చరిత్రలో ఎప్పుడూ లేవు. మేరలో రెండోది కొందరికి ఉంది, మొదటిది ఎవరికీ లేదు. గంజ్‌లో మొదటిది ఉంది, రెండోదానికి చట్టం కావలసి వచ్చింది. చక్కెర ఫ్యాక్టరీలో రెండూ లేవు.

2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం నిజాం షుగర్స్ పునరుద్ధరణకు మంత్రి శ్రీధర్‌బాబు నాయకత్వంలో కమిటీ వేసింది. చర్చంతా అప్పులు, యంత్రాలు, ఇథనాల్, ఎన్ని ఎకరాల్లో చెరకు వేయిస్తారు అన్న దాని చుట్టూ తిరిగింది. ఈ మధ్యకాలంలో బోధన్ రైతులు వరికి మళ్లారు, మిగిలిన కొద్ది చెరకు కామారెడ్డి వైపు మిల్లుకు పోతోంది. మళ్లీ చెరకు వెయ్యమంటే వాళ్లు టన్నుకు ఎంత ఇస్తారని మాత్రమే అడగకుండా, గేటులో కాటా పక్కన, ల్యాబులో రికవరీ తీసే బల్ల పక్కన తమ మనిషి కూర్చుంటాడా అని అడగాలి. కటింగ్ ఆర్డర్ ఆలస్యమై చెరకు ఎండితే ఆ నష్టంలో ఫ్యాక్టరీ ఎంత పంచుకుంటుందో ఒప్పందంలో రాయమని అడగాలి. ఈ రెండింటికీ యంత్రాల కంటే చాలా తక్కువ ఖర్చవుతుంది, కమిటీ ముందు ఎవరైనా పెట్టవలసిన మొదటి కాగితం అదే.